రెడ్‌వుడ్ అడవుల్లో పిల్లాడిని వీపున మోసుకుంటూ: హైకింగ్ క్యారియర్ రివ్యూ

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ముందు ఒక మాట చెప్పేస్తాను. ఇదిగో ఈ పిల్లల క్యారియర్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళే పంపించారు, వాడి చూసి వీడియో చెయ్యమన్నారు. డబ్బులేమీ ఇవ్వలేదు. వీడియో ముందుగా వాళ్ళకి చూపించాలన్న షరతు కూడా లేదు. మోడల్ పేరు స్క్రీన్ మీద ఉంది, చూసుకోండి.

బరువెంత, జేబులెన్ని, ఏ రంగుల్లో దొరుకుతుంది, ఇవన్నీ మీరు ఈపాటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు. అవి మళ్ళీ చదవను. నేను చెప్పేది వాడకం గురించి. మాకు రెండున్నరేళ్ల బాబు, ఏడేళ్ల పాప ఉన్నారు. ఇండియా నుంచి మా అమ్మానాన్న వచ్చారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అదే మా బే ఏరియాలో, ఇలాంటి కుటుంబం శనివారం పొద్దున్నే ఎక్కడికి వెళ్ళగలదు, అక్కడ ఈ క్యారియర్ ఎంతవరకు అక్కరకొస్తుంది, అదే ఈ వీడియో.

మొదట హెన్రీ కావెల్. శాంటా క్రూజ్ కొండల్లో, ఫెల్టన్ ఊళ్ళో ఉన్న స్టేట్ పార్క్. రెడ్‌వుడ్ చెట్లు చూడాలని ఎవరు అడిగినా నేను ముందు ఈ పేరే చెప్తాను. ఇక్కడి రెడ్‌వుడ్ గ్రోవ్ లూప్ మైలు కూడా ఉండదు, 0.8 మైళ్ళు. ఎక్కుడు దిగుడు లేదు. స్ట్రోలర్ పోతుంది, వీల్‌చైర్ పోతుంది, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ కూడా చక్కగా తిరిగొచ్చింది. అక్కడున్నవి చిన్నాచితకా చెట్లు కావండి. అన్నిటికన్నా ఎత్తయినది సుమారు 277 అడుగులు. వాటిలో వెయ్యేళ్ళు దాటినవి ఉన్నాయి. చుట్టుపక్కల కొండల మీద చెట్లన్నీ కలప కోసం నరికేస్తున్న రోజుల్లో, 1867లో జోసెఫ్ వెల్చ్ అనే ఆయన ఈ తోపు కొని రిసార్ట్ నడిపారు. అందుకే ఇక్కడ గొడ్డలి పడలేదు. ఆ మనిషికి దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది నాకు.

దారి గురించి కూడా చెప్పాలి. కారులో కడుపు తిప్పే పిల్లలుంటే హైవే 9 మీద వెళ్ళకండి, మలుపులు ఆగవు. 17 మీద వెళ్ళి స్కాట్స్ వ్యాలీలో దిగి మౌంట్ హెర్మన్ రోడ్డు పట్టుకోండి. 17లోనూ మలుపులున్నాయి గానీ అంతలా తిప్పవు. ఇంకొకటి, మీ లైబ్రరీ కార్డు మీద స్టేట్ పార్క్ పాస్ అరువు తీసుకోవచ్చు. కారు అద్దానికి తగిలించుకుంటే పార్కింగ్ డబ్బులు కట్టక్కర్లేదు. చాలామంది మనవాళ్ళకి ఈ సంగతి తెలియదు. మీ ఊరి లైబ్రరీలో అడగండి.

సరే, క్యారియర్. నడుము బెల్టు బాగుంది. బరువంతా భుజాల మీద పడకుండా నడుం మీదకి దింపుతుంది. మా ఆయన పొడుగు, నేను పొట్టి. వెనక ఫ్రేమ్ ఎత్తు మార్చుకోవడం నిమిషంలో అయిపోతుంది. పిల్లాడి పాదాలు ఆనించుకోవడానికి పట్టీలున్నాయి, అవి నాకు చాలా నచ్చాయి. అవి లేకపోతే కాళ్ళు వేలాడి తిమ్మిర్లెక్కుతాయి, పిల్లాడు చిరాకుపడతాడు, ఎందుకు ఏడుస్తున్నాడో మనకి అర్థం కాదు. ఇలాంటివి కూర్చోవడం బాగా వచ్చిన పిల్లలకే అన్నది మర్చిపోకండి. నెలల పాపాయిని ఇందులో పెట్టకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. సన్‌షేడ్. ఈ వీడియో చేస్తున్నదే దీని కోసం అనుకోండి.

ఈ క్యారియర్‌కి పైన గొడుగులాగా ఒక గుడ్డ ఉంటుంది. దాన్ని బిగించే బకిల్స్ రెండూ పిల్లాడి తల వెనక ఉన్నాయి. అంటే మోస్తున్నవాళ్ళకి చెయ్యి అందదు. అది వెయ్యాలన్నా తియ్యాలన్నా క్యారియర్ కిందకి దింపాలి, స్టాండ్ నిలబెట్టాలి, వెనక్కి వెళ్ళి రెండు చేతులతో విప్పాలి, మళ్ళీ ఎత్తుకోవాలి. ఇంట్లో కార్పెట్ మీద చేసి చూసినప్పుడు ఇదేమంత పని అనిపిస్తుంది. అడవిలో అలా కాదండి.

రెడ్‌వుడ్ అడవిలోకి మనం వెళ్ళేదే తలెత్తి చూడటానికి. పెద్దవాళ్ళం కదా, మెడ వెనక్కి వంచి చూస్తాం, ఫోటో తీస్తాం. పిల్లాడు ఏం చూస్తాడు? హెన్రీ కావెల్‌లో పార్కింగ్ దగ్గర ఎండ బాగా ఉంది కాబట్టి షేడ్ వేసి ఎత్తుకున్నాను. పది అడుగులు లోపలికి వెళ్ళామో లేదో నీడ, చల్లదనం. అందరూ పైకి చూస్తున్నారు. మా పాప "అబ్బా, అమ్మా, దీనికి చివరే లేదు" అంటోంది. వీడు కూడా తలెత్తాడు. వాడికి కనిపించింది బూడిదరంగు గుడ్డ. రెండు చేతులతో దాన్ని పట్టుకు లాగుతూ "తీయ్, తీయ్" అని ఒకటే గొడవ. వాడు చూడాల్సింది అంతా పైనే ఉంది, వాడి మొహానికి అడ్డంగా గుడ్డ ఉంది. అప్పుడు దించి, విప్పి, మళ్ళీ ఎత్తుకున్నాను. ఆ తర్వాత చూడాలండి వాడిని. నోరు తెరుచుకుని, తల నా భుజం మీద వాల్చి, ఒక్క మాట లేదు.

మీరనొచ్చు, ముందే తీసేసి వెళ్ళొచ్చు కదా అని. అక్కడే ఉంది చిక్కు. బే ఏరియాలో నడక అంటే ఒకే దారిలో ఎండా నీడా రెండూ ఉంటాయి. అందుకు ఉదాహరణ రాంచో శాన్ ఆంటోనియో పార్క్. కూపర్టీనో, లాస్ ఆల్టోస్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొండ కింద పార్కింగ్, అక్కడి నుంచి డీర్ హాలో ఫామ్ దాకా సుమారు మైలు నడక. శని ఆదివారాలు పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, కాబట్టి టిఫిన్ తర్వాత బయల్దేరదాం అనుకోకండి. దారిలో కొంతసేపు గడ్డి మైదానం పక్కన నెత్తి మాడుతుంది, కాసేపటికి ఓక్ చెట్ల కింద నీడ, మళ్ళీ ఎండ. ఆ ఎండ ముక్కలో షేడ్ లేకపోతే పిల్లాడి బుగ్గలు కందిపోతాయి. నీడలోకి రాగానే వాడికి లేళ్ళు కనిపించాలి, అడవి టర్కీ కోళ్ళు కనిపించాలి. ప్రతిసారీ దించి ఎత్తడం ఎవరి వల్ల అవుతుంది?

నా పాత క్యారియర్ సంగతి చెప్తాను. అది మా ఏరియా గ్రూపులో ఎవరో అమ్ముతుంటే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. నడుము బెల్టు బాగా లేదు, పాదాలకి పట్టీలు లేవు, జేబుల జిప్పు పోయింది. కానీ దాని షేడ్ ఒక్క గుడ్డ ముక్క, పక్కన వెల్‌క్రో. నడుస్తూనే చెయ్యి వెనక్కి పెట్టి లాగితే వచ్చేసేది, మళ్ళీ అతికించాలంటే పక్కన నడిచే అమ్మ అతికించేసేది. పాప ఆ క్యారియర్‌లోనే పెరిగింది. కొత్త దానికి ఇంత ఖరీదు పెట్టి, ఇంత మంచి ఫ్రేమ్ చేసి, ఆ ఒక్క వెల్‌క్రో ముక్క ఎందుకు పెట్టలేదో నాకు నిజంగా బాధగా ఉంది.

ఫామ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి అంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. అక్కడ మేకలు, గొర్రెలు, కోళ్ళు, పంది, ఆవు ఉంటాయి. మా నాన్నది తెనాలి దగ్గర పల్లె. ఈ దేశం వచ్చినప్పటి నుంచి సోఫాలో కూర్చుని ఉన్న మనిషి, ఆ కంచె దగ్గర నిలబడి ఆవుకి మూపురం లేదేంటి, పూటకి ఎన్ని లీటర్లిస్తుందో అక్కడ పనిచేసే అమ్మాయిని అడుగు, గడ్డి ఏం వేస్తారో అడుగు అని నన్ను వదల్లేదు. చిన్నోడు క్యారియర్ దిగి తాతయ్య చెయ్యి పట్టుకుని ప్రతి మేక దగ్గరా ఆగాడు. మనం ఏమీ తినిపించకూడదు, అది గుర్తుంచుకోండి.

ఇక్కడ నా గట్టి నమ్మకం ఒకటి చెప్పాలి. క్యారియర్ ఉంది కదా అని పిల్లాడిని మొదటి నుంచీ మొయ్యకండి. వెళ్ళేటప్పుడు నడవనివ్వండి. వాడు అరమైలు నడవడానికి గంట పట్టినా పట్టనివ్వండి. రెడ్‌వుడ్ అడవిలో నేల దగ్గర కూడా చాలా ఉంది. ఆ చెట్టు కాయ ఎంతుంటుందో తెలుసా? రేగిపండంత. దాని లోపల గింజలు ఇంకా సన్నం. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తు పెరిగే చెట్టు కాయ అది. చిన్నోడి గుప్పిట్లో రెండు పట్టాయి. కాసేపు చూసి అక్కడే వదిలేయమన్నాను, పార్కుల్లోంచి ఏదీ తీసుకురాకూడదు. బెరడు ముట్టుకుంటే పీచుపీచుగా, మెత్తగా ఉంటుంది. కొన్నిచోట్ల అడుగు మందం ఉంటుందట, నిప్పుకి అంత తొందరగా లొంగదు. తేమగా ఉన్న రోజున దారి పక్కన పసుప్పచ్చని బనానా స్లగ్, అంటే గుల్ల లేని నత్త, కనిపిస్తే పిల్లలు ఇంక కదలరు. మా పాప నేల మీద బోర్లా పడుకుని దాని కొమ్ములు ఎలా లోపలికి పోతున్నాయో చూసింది. తిరిగి వచ్చేటప్పుడు పిల్లాడు ఎలాగూ "ఎత్తుకో" అంటాడు, క్యారియర్ అప్పటికి.

హెన్రీ కావెల్‌లో ఫ్రీమాంట్ ట్రీ అని లోపల బోలుగా ఉన్న చెట్టుంది. 1846లో జాన్ ఫ్రీమాంట్ అందులో బస చేశాడని చెప్పుకుంటారు. మేమందరం లోపల దూరాం. ఈ క్యారియర్‌తో మాత్రం దూరలేరు, ఆ షేడ్ రాడ్లు పైన తగులుతాయి. మళ్ళీ దించాల్సిందే.

మిగతా చోట్లు త్వరగా చెప్తాను. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న రెడ్‌వుడ్ అడవి మ్యూర్ వుడ్స్ ఇక్కడివాళ్ళందరికీ తెలిసిందే. 1908లో అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించారు. బోర్డ్‌వాక్ మీద నడక, అమ్మలాంటి వాళ్ళకి హాయి. అయితే పార్కింగ్‌కి గానీ షటిల్‌కి గానీ ముందే రిజర్వేషన్ ఉండాలి. లోపల పిక్నిక్‌లు కుదరవు. పులిహోర డబ్బా, పెరుగన్నం హెన్రీ కావెల్‌కి తీసుకెళ్ళండి, అక్కడ బల్లలున్నాయి. ఓక్లాండ్ వైపు ఉన్నవాళ్ళకి రైన్‌హార్ట్ రెడ్‌వుడ్ పార్క్ ఉంది. అక్కడి పాత చెట్లన్నీ 1800ల మధ్యలోనే నరికేశారు. ఇప్పుడున్నవి చాలావరకు ఆ మొదళ్ళ చుట్టూ మొలిచినవి, అందుకే గుండ్రంగా నిలబడి ఉంటాయి. పిల్లలు మధ్యలో నిలబడి చుట్టూ లెక్కపెట్టుకుంటారు. చలికాలంలో స్ట్రీమ్ ట్రైల్ మీద లేడీబగ్స్ గుంపులు గుంపులుగా చేరతాయి, కొమ్మలు ఎర్రగా అయిపోతాయి. అప్పుడు తప్పకుండా వెళ్ళండి.

బిగ్ బేసిన్ రెడ్‌వుడ్ పార్క్‌కి వెళ్తే మాత్రం షేడ్ ఉంచుకోండి. 2020 ఆగస్టు మంటల్లో పార్క్ దాదాపు మొత్తం కాలిపోయింది. పెద్ద రెడ్‌వుడ్లు చాలావరకు బతికాయి, నల్లటి మాను పొడుగునా పచ్చటి చిగుళ్ళు వేశాయి. కానీ పైన కొమ్మల గొడుగు పోయింది కాబట్టి ఎండ నేల దాకా దిగుతుంది. రెడ్‌వుడ్లలో కూడా ఎండ టోపీ కావాల్సిన చోటు అదే.

గడ్డి కొండల మీద ఇంకో జాగ్రత్త. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పచ్చగా ఉంటాయి, ఆ తర్వాత బంగారు రంగులోకి ఎండిపోతాయి. పచ్చగా ఉన్నప్పుడు అందం సరే, పొడుగు గడ్డిలో టిక్స్, అంటే రక్తం పీల్చే పిడుదులు, కూడా ఉంటాయి. ఇంటికి రాగానే పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక చూడండి. మూడేసి ఆకులున్న పొదని పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, అది పాయిజన్ ఓక్, తగిలితే ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. క్యారియర్‌లో కూర్చున్న పిల్లాడి చేతులు సరిగ్గా పొదల ఎత్తులో ఉంటాయి, ఇరుకు దారిలో మధ్యగా నడవండి.

మరి కొనాలా? నేనైతే కొనను. నడుము బెల్టుకి నూటికి నూరు వేస్తాను, పాదాల పట్టీలకి ఇంకా ఎక్కువ వేస్తాను. అయినా కొనను. పిల్లాడిని అంత ఎత్తు చెట్ల మధ్యకి తీసుకెళ్ళి వాడి కళ్ళకి గుడ్డ కట్టే వస్తువుకి నేను డబ్బు పెట్టమని మీకు చెప్పలేను. ఎప్పుడూ ఎండలోనే నడిచేవాళ్ళయితే, కోయోట్ హిల్స్ లాంటి చోట్లకే వెళ్ళేవాళ్ళయితే, షేడ్ తియ్యాల్సిన పని రాదు కాబట్టి మీకు నచ్చొచ్చు.

కంపెనీ వాళ్ళకి ఇదంతా రాసి పంపించాను, బకిల్స్ ముందుకి మార్చండి లేదా వెల్‌క్రో పెట్టండి అని. వాళ్ళు మార్చిన రోజున మళ్ళీ తెప్పించుకుని ఇదే లూప్‌లో నడిచి వీడియో పెడతాను. మీ దగ్గర నడుస్తూనే షేడ్ తియ్యగలిగే క్యారియర్ ఉంటే కామెంట్లో మోడల్ పేరు రాయండి, నాతో పాటు చాలామంది తల్లులు వెతుకుతున్నారు. మ్యూర్ వుడ్స్ వెళ్ళేవాళ్ళు పార్కింగ్ రిజర్వేషన్ ఇంట్లోనే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్ రాదు.