చేతికి తెలిసిన దారి

(కావలి శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు, కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

పోయిన నెలలో ఒక సాయంత్రం మా డీటీపీ సెంటరుకు ఒక మాస్టారు వచ్చారు. ఆయన రిటైరై పదిహేనేళ్లు దాటింది. మా వీధిలో నలభై ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఎక్కాలు నేర్పింది ఆయనే. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో చిన్న నోటు పుస్తకం. ఆ పుస్తకం చివరి పేజీలో గుండ్రటి దస్తూరీతో ఇలా రాసి ఉంది: "పచ్చ బొమ్మ నొక్కాలి. మూడో వరుసలో ఎడమ నుంచి రెండోది. పేరు చూసుకోవాలి. అంకె వేయాలి. మళ్లీ పేరు చూసుకోవాలి." విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనవరాలికి నెలనెలా డబ్బు పంపడానికి ఆయన రాసిపెట్టుకున్న దారి అది. రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు ఉదయం యాప్ తెరిస్తే మూడో వరుసే లేదు. పచ్చ బొమ్మ నీలంగా మారింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కరే కూర్చుని వెతుక్కుని, చివరికి మా దగ్గరికి వచ్చారు.

వచ్చీ రాగానే ఆయన అన్న మాట, "నాకు మతి తప్పుతున్నట్టుంది నాయనా."

నిర్వాహకులు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు నేను ఒప్పుకోవడానికి కారణం ఆ మాటే. ఆయన మతి చక్కగా ఉంది. కష్టపడి నేర్చుకున్న పాఠాన్ని ఎక్కడో ఎవరో రాత్రికి రాత్రి చెరిపేశారు. చెరుపుతున్నామని ఒక్క ముక్క చెప్పలేదు. అయినా తప్పు తనదేననుకున్నారాయన. సాఫ్ట్‌వేర్ రూపం మారినప్పుడు జరిగే నష్టాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కాలం వృథా కావడం, పని ఆగిపోవడం తర్వాతి సంగతి. ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకం పోతుంది.

ఇవాళ్టి అంశం మీకు తెలిసిందే. అలవాటైన సాఫ్ట్‌వేర్‌కు కొత్త ఇంటర్‌ఫేస్ తొడగడం ప్రగతి అవుతుందా? ఇంటర్‌ఫేస్ అంటే మనకు తెర మీద కనిపించే భాగం: బొమ్మలు, బటన్లు, మెనూలు, అవి ఉండే చోట్లు. దీన్ని ఈ పూటకు పైరూపం అందాం. ముప్పై ఏళ్లుగా ట్రంకు రోడ్డు పక్కన కూర్చుని శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు, కవితా సంపుటాలు టైపు చేసి బతికినవాడిని. సాఫ్ట్‌వేర్ తయారు చేయడం నాకు రాదు. దానితో రోజుకు పది గంటలు కాపురం చేయడం తెలుసు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మంచి డీటీపీ ఆపరేటరు పని చేస్తుంటే ఒకసారి గమనించండి. కళ్లు రాతప్రతి మీద ఉంటాయి. చేతులు కీబోర్డు మీద వాటంతట అవే నడుస్తుంటాయి. "ష్ట్ర ఎలా కొట్టాలి?" అని ఆపి అడిగితే చటుక్కున చెప్పలేరు. కీబోర్డు దగ్గర పెడితే కొట్టి చూపిస్తారు. ఆ విద్య వేళ్లలో ఉంటుంది. నాగలి మేడి పట్టిన రైతుకు, మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి ఉండేదీ ఇదే. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఈ ఆస్తి ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు. కనబడదు కాబట్టే దాన్ని తీసేసుకున్నప్పుడు ఎవరూ నష్టపరిహారం గురించి మాట్లాడరు.

దీనికి విలువ కట్టిన వాళ్లు లేకపోలేదు. మీరు రోజూ వాడే కట్, కాపీ, పేస్ట్ సంగతి చూడండి. 1970లలో అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో లారీ టెస్లర్ అనే ఆయన, తన సహచరులతో కలిసి ఈ పద్ధతికి రూపమిచ్చారు. 1983లో వచ్చిన ఆపిల్ లిసా కంప్యూటర్లో ఎక్స్, సి, వి అక్షరాల మీటలు ఆ పనులకు కుదురుకున్నాయి. నలభై ఏళ్లు దాటింది. ఈ మధ్యలో కంప్యూటర్ లోపల మారనిది లేదు. ఫ్లాపీ పోయింది, సీడీ వచ్చి పోయింది, ఫైళ్లు ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్లకు చేరాయి. ఆ మూడు మీటలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వాటిని కదపకుండానే ఇంత మార్పు వచ్చింది. టెస్లర్ 2020లో కన్నుమూశారని పేపర్లో చదివిన రోజు మా ఆపరేటర్లకు ఆయన గురించి చెప్పాను. వాళ్ల వేళ్లకు ఆయన అప్పటికే తెలుసు.

సేవ్ బటన్ మీద ఉండే ఫ్లాపీ బొమ్మ కూడా అంతే. ఈ హాల్లో ఉన్న పిల్లల్లో చాలామంది ఫ్లాపీని చేత్తో ముట్టుకుని ఉండరు. అయినా ఆ బొమ్మ చూడగానే దాచుకోవడమని తెలుస్తుంది. వస్తువు పోయినా గుర్తు మిగిలింది. పాతబడిందని దాన్ని తీసేసి మేఘం బొమ్మో బాణం గుర్తో పెడితే చూడటానికి కొత్తగా ఉండవచ్చు. దాచుకునే పనికి ఒరిగేదేమీ లేదు.

ఇక స్టార్ట్ బటన్ కథ. 1995 ఆగస్టులో విండోస్ 95తో వచ్చింది. తెర కింద ఎడమ మూల. ఏం చేయాలన్నా అక్కడి నుంచే మొదలు. పదిహేడేళ్లపాటు లోకమంతా ఆ మూలకు అలవాటు పడింది. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 ఆ బటన్‌ను తీసేసి, తెర నిండా రంగు రంగుల పలకలు పరిచింది. దానికి కారణం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2010లో ఐప్యాడ్ వచ్చింది. జనం వేలితో తాకే తెరల వైపు వెళుతున్నారు. వెనుకబడిపోతామనే భయం కంపెనీకి ఉంది. ఆ భయంలో, తాకే తెర లేని కోట్ల కంప్యూటర్ల ముందు మౌసు పట్టుకుని కూర్చున్న వాళ్లను కూడా ఆ పలకల ముందుకు తోశారు. ఏడాది తిరిగేసరికి 8.1లో బటన్ తిరిగొచ్చింది. 2015లో విండోస్ 10తో మెనూ కూడా తిరిగొచ్చింది. 2021లో విండోస్ 11 ఆ బటన్‌ను మూల నుంచి మధ్యకు జరిపింది. కాకపోతే ఈసారి, కావాలంటే మళ్లీ ఎడమకు పెట్టుకోండని సెట్టింగ్స్‌లో ఒక వెసులుబాటు ఉంచారు. ఆ ఒక్క వెసులుబాటు 2012లో ఉండి ఉంటే ఎంత గందరగోళం తప్పేదో!

అలాగని పైరూపం ముట్టుకోవడమే తప్పని నేను అనను. 2007లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో మెనూలు పోయి, తెర పైభాగాన బటన్లు పరిచిన రిబ్బన్ అనే పట్టీ వచ్చినప్పుడు గట్టిగా వ్యతిరేకించిన వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత దాని వెనకున్న ఆలోచన చదివాను. వర్డ్ మొదటి రోజుల్లో వంద దాకా ఉన్న కమాండ్లు 2003 నాటికి 1,500 దాటాయి. వాటన్నిటినీ పాత మెనూల్లోనే ఒకదాని కింద ఒకటి కుక్కుకుంటూ పోయారు. ఫలానా సౌకర్యం కావాలని జనం అడిగేవాటిలో చాలా భాగం అప్పటికే వర్డ్‌లో ఉన్నవేనట. ఇల్లు ఇరుకైనప్పుడు గోడలు జరపక తప్పదు. పైగా వాళ్లు ఒక మంచి పని చేశారు. మెనూలు తీసేసినా, ఆల్ట్ మీటతో పాత మెనూల్లోకి వెళ్లే కీబోర్డు దారుల్లో ఎక్కువ భాగాన్ని అలాగే పని చేయనిచ్చారు. అందుకే వేళ్లతో పని చేసేవాళ్లకు దెబ్బ తక్కువ తగిలింది. రిబ్బన్ నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. అయినా దాన్ని వేషం మార్పు అనలేను. కారణం ఉన్న మార్పు అది.

అసలు ప్రగతి ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మనలో డీటీపీ పని తెలిసినవాళ్లకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు అక్షరాలు చూపించే అను ఫాంట్లు అంటే ఇంట్లో మనుషుల్లాంటివి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అది ఆగిపోయి ఇన్నేళ్లైనా తెలుగునాట డీటీపీ సెంటర్లలో ఇంకా నడుస్తోంది. దాన్ని బద్ధకమనేవాళ్లకు నాదొకటే జవాబు: మా దగ్గరి పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

అయితే ఆ ఫాంట్లలో ఒక చిక్కు ఉండేది. తెర మీద మనకు 'క' కనిపిస్తుంది. లోపల కంప్యూటర్ దాచుకున్నది ఇంగ్లిషు అక్షరాలకో గుర్తులకో కేటాయించిన ఒక అంకెను. తెలుగు అనేది దాని మీద వేసిన ముసుగు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అంతా పిచ్చి గీతలు. 1999లో మా దగ్గర ఒక హరికథ భాగవతార్ గారు తన జీవితకాలపు కీర్తనలు టైపు చేయించుకున్నారు. ఆయన పోయిన చాలా ఏళ్లకు కొడుకు ఆ ఫైలు పట్టుకొచ్చారు. ఎలాగోలా మార్చి తెరిస్తే ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని పక్క అక్షరానికి అంటుకున్నాయి. 'భక్తి' అన్నచోటల్లా 'భకి' అని ఉంది. నాలుగు వారాలు నేనూ ఆయనా ఎదురెదురుగా కూర్చుని ప్రూఫులు దిద్దాం. ఒక్కో కీర్తన ఆయన పాడేవారు, నేను ఒత్తు పెట్టేవాణ్ని.

యూనికోడ్ ఈ బాధను తీర్చింది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే మన లిపికి చోటు దొరికింది. 'క'కు ప్రపంచమంతా ఒకే అంకె. ఏ కంప్యూటర్ అయినా, ఏ ఫోను అయినా అది 'క'యే. అది మా దుకాణాల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక మాత్రం తెలుగులో వెతకడం సాధ్యమైంది. ఫోనులో అమ్మకు తెలుగులో సందేశం పంపడం సాధ్యమైంది. అన్నిటికన్నా పెద్దది, చూపు లేనివాళ్లకు తెలుగు పాఠాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పని చేయగలిగింది. పిచ్చి గీతల మీద ముసుగు వేసిన తెలుగును ఏ యంత్రం చదువుతుంది?

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. అనులో కొట్టిన 'అమ్మ', యూనికోడ్‌లో కొట్టిన 'అమ్మ' తెర మీద పక్కపక్కన పెడితే మామూలు కంటికి తేడా తెలియదు. పైన ఏమీ మారలేదు, లోపల అంతా మారింది. మొదట్లో కొత్త కీబోర్డు నేర్చుకోవాలన్నప్పుడు మా ఆపరేటర్లు ససేమిరా అన్నారు. అనులో అలవాటైన, 'ఆపిల్' అని పిలిచే మీటల అమరికతోనే యూనికోడ్‌లో కొట్టే సాధనాలు వచ్చాక, ఒక్క మధ్యాహ్నంలో మారిపోయారు. వేళ్లు పాత దారిలోనే నడిచాయి, అక్షరాలు కొత్త లోకానికి చేరాయి. నా ముప్పై ఏళ్లలో నేను చూసిన గొప్ప మార్పు ఇదే.

చూపు లేనివాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నాకు తెలిసిన ఒక టీచరమ్మకు చూపు లేదు. ఆవిడకు తెర అంటే ఒక వరుస. ట్యాబ్ మీట ఏడుసార్లు నొక్కితే ఫలానా చోటు, తొమ్మిదిసార్లు నొక్కితే ఫలానా చోటు. లెక్క చెవిలో ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ రూపం మార్చి, పేర్లున్న బటన్ల స్థానంలో అందమైన బొమ్మలు పెట్టారు. బొమ్మలకు పేర్లు తగిలించడం మరిచారు. అప్పటి నుంచి ఆవిడకు వినిపించేది "బటన్, బటన్, బటన్." కళ్లున్న మనకు అది కాస్త చిరాకు. ఆవిడకు తలుపు మూసేయడమే.

పిల్లలు నన్ను ఒక ప్రశ్న అడుగుతారని తెలుసు. ఇలా అయితే లోకంలో ఏదీ మారకూడదు కదా అని. మన దేశంలో ఇంతకన్నా పెద్ద మార్పే జరిగింది. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు పైసలు. ఆ రోజు నుంచి రూపాయికి వంద నయా పైసలు. బజారులో కూరగాయలమ్మే అవ్వ దగ్గర్నుంచి బ్యాంకు గుమాస్తా దాకా అందరూ కొత్త లెక్క నేర్చుకోవాల్సి వచ్చింది. కష్టమే. కానీ ఆ కష్టం పడింది ఒక్కసారే. లెక్క ఎప్పటికీ సులువైంది. పాతా కొత్తా తికమక పడకుండా పైసాకు ముందు 'నయా' అని పెట్టి, జనానికి అలవాటయ్యేదాకా ఏడేళ్లు ఆగి, 1964లో ఆ మాట తీసేశారు. పావలాను నాలుగణాలనడం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. మన జిల్లాలో ధాన్యం సంగతీ అంతే కదా. కాటా కిలోల్లోనే తూస్తుంది, రసీదు కిలోల్లోనే రాస్తారు. కళ్లం దగ్గర రైతు అడిగేది మాత్రం పుట్టి ధరే. పుట్టి అంటే 850 కిలోలని ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. కొత్త కొలత వచ్చింది, పాత మాట బతికింది, ఎవరి పనీ ఆగలేదు.

దానికీ మన ఫోన్లలో జరిగేదానికీ తేడా చూడండి. ఇక్కడ ఏడాదికోసారి, రెండేళ్లకోసారి అణాలు మార్చినట్టు మారుస్తున్నారు. నేర్చుకునే కష్టం ప్రతిసారీ మనదే. బదులుగా ఏమొచ్చిందని అడిగితే గుండ్రటి మూలలు, లేత రంగులు చూపిస్తున్నారు. కొత్తగా చేరిన బృందం తాము పని చేశామని చూపించుకోవాలి, కొత్త ఫోను కొత్తగా కనిపించాలి. ఆ ఒత్తిళ్లు నిజమైనవే. వాటి బరువు మాస్టారి నోటు పుస్తకం మీద పడటం న్యాయం కాదు.

మీలో కొందరు రేపు చెన్నైలోనో, హైదరాబాదులోనో, బెంగళూరులోనో కూర్చుని ఈ తెరలు గీయబోతున్నారు. ఒక బటన్ జరిపే ముందు, దాన్ని జరిపితే వాడేవాడికి కొత్తగా ఏ పని చేతనవుతుందో మీ టీములో పైకి అడగండి. జవాబు ఉంటే జరపండి. జరిపినా పాత దారిని కొంతకాలం తెరిచి ఉంచండి. చోటు, రంగు, పేరు మూడూ ఒకే రోజు మార్చకండి. ఏదో ఒకటి మిగిలితే మనిషి దాన్ని పట్టుకుని మిగతావి వెతుక్కోగలడు. బొమ్మ కింద తెలుగులో పేరు రాయండి. మారుస్తున్నామని ముందే చెప్పండి, మార్చాక మళ్లీ చెప్పండి.

ఆ సాయంత్రం మాస్టారికి నేనూ మా ఆపరేటరమ్మాయీ కలిసి కొత్త దారి వెతికిపెట్టాం. డబ్బు వెళ్లింది. అవతలి నుంచి మనవరాలు అందిందని ఫోను చేసేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు. తర్వాత నోటు పుస్తకం తీసి, పాత వాక్యాల మీద స్కేలు పెట్టి ఒక్కొక్క గీత గీశారు. కింద కొత్త దారి రాసుకోవడానికి జేబులో పెన్ను తీసి, ఒక క్షణం ఆగి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. మా బల్ల మీదున్న పెన్సిలు అడిగి తీసుకున్నారు.