గ్లాసు కాఫీ వెనుక నీళ్లెన్ని? మన్యం నీడ తోటల లెక్క

[దృశ్యం: విజయవాడలో ఒక వంటిల్లు, తెల్లవారుజాము. స్టీలు ఫిల్టరులో డికాక్షన్ బొట్లు బొట్లుగా దిగుతూ ఉంటుంది.]

వ్యాఖ్యానం: ఈ ఫిల్టరులో పోసిన వేడినీళ్లు ఒక గ్లాసుకు మించవు. అయినా కప్పు కాఫీకి సుమారు 130 లీటర్ల నీరు పడుతుందన్న మాట మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులతో కొలిస్తే అది ఆరున్నర టిన్నులు. వేయించిన కాఫీ కిలోకు ప్రపంచ సగటున దాదాపు 18,900 లీటర్ల నీరు అవసరమవుతుందని, పంటలకు పట్టే నీటిని లెక్కగట్టిన పరిశోధకులు తేల్చారు. కప్పుకు 7 గ్రాముల పొడి చొప్పున వేస్తే ఆ అంకె వస్తుంది. మన పొడిలో చికోరీ అనే వేరు పొడి కలుస్తుంది గనుక కాఫీ వాటా కొంత తగ్గుతుంది. కానీ లీటరు పాలకు కూడా ప్రపంచ సగటున 1,000 లీటర్ల నీరు పడుతుంది కాబట్టి, 100 మిల్లీలీటర్ల పాలు పోసుకొనేవారి గ్లాసులో ఆ పాల తాలూకు నీరే మరో 100 లీటర్లు ఉంటుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

130 లీటర్లన్న అంకెలో తప్పు లేదు గానీ, అది ఏ నీరో చెప్పదు. ఆకాశం నుంచి పడిన వానను, మోటారు పెట్టి తోడిన నీటిని, గింజలు కడిగి పారబోసిన నీటిని ఒకే కుండలో పోసి చూపిస్తుంది. వాటిని వేరు చేసి చూడాలంటే కొండ ఎక్కాలి.

[దృశ్యం: పాడేరు ఘాట్ రోడ్డు. సిల్వర్ ఓక్ చెట్ల బోదెలకు అల్లుకున్న మిరియాల పాదులు, వాటి కింద కాఫీ మొక్కలు.]

సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున ఉన్న ఈ మన్యంలో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. కాలువకు నీళ్లెప్పుడు వదులుతారా అని ఎదురుచూసే మన డెల్టా రైతుకు ఇక్కడి సేద్యం వింతగా తోస్తుంది. తోటల్లో చాలావాటికి బోరూ లేదు, కాలువా లేదు, ఉన్నదల్లా వానే. దేశంలో పండే కాఫీలో 70 శాతం వరకు ఇచ్చే కర్ణాటకలో మాత్రం, ముఖ్యంగా రోబస్టా అనే మరో రకం కాఫీ తోటల్లో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్ప్రింక్లర్లతో తడిపి పూత రప్పిస్తారు. అందువల్ల కప్పు ఒకటే అయినా, దాని వెనుక నీటి కథ తోటను బట్టి మారిపోతుంది.

కాఫీ మొక్కకు ఎండాకాలపు దాహం కూడా అవసరమే. చలికాలంలో ఏర్పడిన మొగ్గలు నీటి ఎద్దడిలో కొన్ని వారాలు నిద్రాణంగా ఉండి, మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండున్నర సెంటీమీటర్లో, అంతకు కొంచెం ఎక్కువో వాన పడగానే మేల్కొని, ఎనిమిది నుంచి పది రోజుల్లో ఒక్కసారిగా విచ్చుకుంటాయి. కొమ్మంతా మల్లెలు గుచ్చినట్టుండే ఆ పూత రెండు మూడు రోజులే నిలుస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలకు మరో వాన పడితేనే పిందె నిలబడుతుంది. ఏడాది మొత్తం వర్షపాతం బాగానే ఉన్నా ఈ రెండు వానలూ తప్పితే పంట తప్పినట్టే.

ఆ రెండు వానల మధ్య మొక్కను కాచేది పైనున్న చెట్టు నీడ. నీడ వల్ల ఆకుల మీద ఎండ, గాలి దెబ్బ తగ్గి, మొక్క నుంచి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. రాలిన ఆకులు నేల మీద మెత్తలా పరుచుకొని, ఏటవాలు మట్టిని వాన కోయకుండా ఆపి, నీటిని కిందికి ఇంకనిస్తాయి. అయితే నీడ చెట్టు కూడా నీరు తాగుతుందని మరిచిపోకూడదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ తొందరగా, నిటారుగా పెరుగుతుంది, మిరియాల పాదుకు బాగా కుదురుతుంది. కానీ అదొక్కటే వరుసలు కట్టిన తోట కంటే, పనస, మామిడి, అడవి చెట్లు కలిసిన తోటలోనే నీడ అంచెలంచెలుగా ఉంటుందని నా అభిప్రాయం.

[దృశ్యం: డిసెంబరు. రెండు వేళ్ల మధ్య ఎర్రటి కాఫీ పండు. నొక్కగానే రెండు గింజలు జారిపడతాయి.]

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పండును నొక్కితే జారిపడే ఈ గింజలకు బంకలాంటి జిగురు అంటుకొని ఉంటుంది. పల్పర్‌లో తోలు తీసిన గింజలను ఒకటి, ఒకటిన్నర రోజు పులియబెట్టి, గుప్పెట్లోకి తీసుకొని నలిపి చూస్తారు. జారిపోకుండా ఇసుకలా గరగరలాడితే జిగురు వదిలినట్టు. ఆ తర్వాత కడగడం మొదలవుతుంది. కిలో గింజలు రావాలంటే ఆరు కిలోల దాకా పండ్లు కావాలి. పాత పద్ధతిలో అయితే ఆ కిలోకు పదుల లీటర్ల నీరు పోస్తారు. ఆ నీరు తీసుకునేది వానాకాలంలో పొంగే గెడ్డ (కొండవాగు) నుంచి కాదు; డిసెంబరు, జనవరి నెలల్లో సన్నబడిన ఊటల నుంచి. 130 లీటర్ల పెద్ద అంకెలో దీని వాటా చాలా చిన్నది. ఊరి జనం బిందెలు పెట్టుకునే ఊట దగ్గర చూస్తే మాత్రం చిన్నది కాదు.

కడిగిన నీటిలో చక్కెరలు, జిగురు కలిసి పులిసి, ఆమ్లంగా మారతాయి. దాన్ని అలాగే గెడ్డలోకి వదిలితే సూక్ష్మజీవులు ఆ చక్కెరలను తింటూ నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి, చేపలు చస్తాయి. గుంటల్లో నిలిపి, సున్నం కలిపి, తేరిన తర్వాతే వదలడం సరైన పద్ధతి. పులియబెట్టే పని లేకుండా రాపిడితోనే జిగురు తీసే యంత్రాలు కొద్దిపాటి నీటితో పని ముగిస్తాయి. పండును తోలుతోనే ఎండబెడితే నీరే అక్కరలేదు, కానీ కడిగి, పైపొర ఉండగానే ఎండబెట్టిన పార్చ్‌మెంట్ గింజకు వచ్చే ధర దానికి రాదు; ఆ తేడా ఎవరూ భరించకుండా నీరు పొదుపు చేయమని రైతుకు చెప్పడం తేలిక.

[దృశ్యం: ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం. ఎర్రటి గోదావరి నీరు కృష్ణలో కలుస్తూ ఉంటుంది.]

కాఫీ మూట లారీలో వస్తే, ఆ కొండ మీద పడిన వాన నది వెంట వస్తుంది. పాడేరు వైపు మత్స్యగెడ్డగా మొదలైన నీరు మాచ్‌ఖండ్ అయి, జలాపుట్ దాటి, దిగువన సీలేరుగా పేరు మార్చుకొని, శబరిలో చేరి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2015 నుంచి పట్టిసీమ పంపులు వరద కాలంలో ఆ గోదావరి నీటిని ఎత్తి, పోలవరం కుడి కాలువ మీదుగా ప్రకాశం బ్యారేజీ ఎగువకు పంపుతున్నాయి. అంటే నీడ తోటల ఆకుమెత్త కింద ఇంకిన వాన కొంతైనా మన కొళాయిలోకి వచ్చి, ఈ ఫిల్టరులో డికాక్షన్ అవుతూ ఉండవచ్చు. పల్పర్ దగ్గర కడిగిన నీరు వదిలే డిసెంబరు, జనవరి నాటికి వరద తీసి ఉంటుంది గనుక, ఆ పులిసిన నీటితో ముందుగా అవస్థపడేది మనం కాదు, గెడ్డకు దిగువనున్న ఊరు.