మట్టి మిద్దె మీద సిమెంటు పోసే ముందు ఒక్కసారి ఆగండి

[గోడ కింది భాగం, బాగా దగ్గరగా. చేత్తో తడితే పూత పెళ్లగా ఊడి కింద పడుతుంది.]

చూశారా, చెయ్యి ఆనించానంతే. ఈ సిమెంటు పూత వేసి మూడేళ్లు కూడా కాలేదు. దాని వెనకున్న రాతి గోడ మా జేజినాయన, అంటే తాత, కట్టించింది, దానికేం కాలేదు. ఎందుకిలా అయిందో అర్థం కావడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. మీ డబ్బు కూడా ఇట్లా రాలిపోకూడదనే ఈ వీడియో చేస్తున్నా.

మాది కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పల్లె. రాతి గోడలు, రాళ్ల మధ్య మట్టి, పైన సున్నం పూత. మిద్దె, అంటే ఇంటి పైకప్పు సంగతికొస్తే దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కొయ్యలు, దంతెల మీద బండలు, ఆ పైన చౌడు మట్టి. కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఇట్లాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి, జనం కాపురాలు ఉంటున్నారు. మా ఇంట్లో జేజి, అంటే మా అవ్వ ఉంటుంది. టౌనుకు రమ్మంటే రాదు. రోజూ రాత్రి ఆ దూలాల కిందే పడుకుంటుంది, అందుకే ఈ పని నేను ఇంత పట్టుదలగా నేర్చుకున్నా.

[నిచ్చెన ఎక్కుతూ. మిద్దె మీద పొద్దుటి ఎండ.]

ముందు మిద్దె. చేలో చౌడు పడితే నీళ్లు ఇంకవని, పంట రాదని బాధపడతాం కదా, ఆ ఇంకని గుణమే మిద్దెకు కావాలి. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి సన్న సందులన్నీ పూడ్చేస్తాయి, ఇక నీళ్లు కిందికి దిగలేక వాలు వెంబడి తూములోకి పోతాయి. మన పెద్దవాళ్లు ఏ పుస్తకం చదవకుండానే దీన్ని పట్టుకున్నారు, నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

అయితే ఇందులోనే ఒక ప్రమాదం ఉంది, దయచేసి ఈ భాగం స్కిప్ చేయొద్దు. మిద్దె ఉరిసినప్పుడల్లా, అంటే కారినప్పుడల్లా మనం చేసే పని, పైన ఇంకో పొర చౌడు పోయడం. పాతది తీయం, కొత్తది పోస్తాం. వంద చదరపు అడుగుల గదికి ఒక్క అంగుళం మట్టి అంటే ఎండినప్పుడే దాదాపు నాలుగు క్వింటాళ్లు. పదేళ్లలో నాలుగు అంగుళాలు పెరిగిందనుకోండి, టన్నున్నర బరువు అదనంగా దూలాల మీద పడినట్టే. తూము మూసుకుపోయి ఒక అంగుళం నీళ్లు నిలిస్తే మరో 230 కిలోలు. మూడు రోజుల ముసురులో పాత మిద్దెలు కూలడానికి ఈ బరువు ఒక పెద్ద కారణం.

అందుకని చౌడు పోసే ముందు పాత మట్టిని పైపైన చెక్కి తీయండి. తూము దగ్గర అంచు కనపడుతుంది కదా, అక్కడ మందం కొలిచి రాసి పెట్టుకోండి, ఏటా అంతకు మించనివ్వొద్దు. వాలు పది అడుగులకు రెండు అంగుళాలుంటే చాలు. చెక్కిన మట్టిని మిద్దె మధ్యలో కుప్ప పెట్టొద్దు, ఎప్పటికప్పుడు కిందికి దించేయండి. చెక్క పలక వేసుకుని దాని మీద నిలబడండి, ఇద్దరు ముగ్గురు ఒకే చోట గుమికూడొద్దు. తడిసిన మిద్దె ఎక్కనే ఎక్కొద్దు. ఈ పనంతా మే నెలలోనే అయిపోవాలి. ఎందుకంటే మనకు జూన్‌లో ఒక వాన, మళ్లీ అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజులు మన జిల్లాలో ఎవరు మరిచిపోతారు? ఆ వారమంతా నేను జేజిని బయటి వసారాలో పడుకోబెట్టాను.

[పిట్టగోడ సందులో రావి మొక్క]

ఇదిగో, రావి మొక్క. రెండాకులున్నప్పుడే వేరుతో సహా తీసేయాలి. వేరు ముదిరాక బలంగా లాగితే రాళ్లు కూడా ఊడొస్తాయి, అప్పుడు బేల్దారిని, అంటే తాపీ మేస్త్రిని పిలిచి రాళ్లు విప్పి తీయించాల్సిందే.

[గది లోపల. సుత్తి పిడితో దూలాన్ని తడుతూ.]

ఈ శబ్దం వినండి... ఇప్పుడిది. మొదటిది గట్టిగా మోగింది, రెండోది డొల్లగా ఉంది. దూలం మధ్యలో కాదు, గోడలోకి దిగిన చివర ముందు పాడవుతుంది, తడీ చెదలూ అక్కడే చేరతాయి కాబట్టి. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. అర అంగుళం మెత్తగా దిగిపోతే ఇక మీరు చేయాల్సింది ఒక్కటే, దాని కింద ఊతగా గట్టి పోటు పెట్టించి, ఆ గది ఖాళీ చేసి, తెలిసిన మేస్త్రిని పిలవడం. ఆ పని సొంతంగా చేయొద్దు.

చాలామంది అడిగేది, “అన్నా, ఈ చౌడు గోల ఎందుకు, పైన కాంక్రీటు పోసేస్తే పోదా?” అని. రెండు అంగుళాల కాంక్రీటు పోస్తే వంద చదరపు అడుగులకు టన్ను దాటుతుంది. పైగా చెక్క ఎండకూ వానకూ ఒదుగుతుంది, కాంక్రీటు ఒదగదు, పగులుతుంది. ఆ పగుల్లోంచి దిగిన నీళ్లకు పైకి ఆరే దారి లేదు, దూలం లోపల్లోపలే నానుతుంది.

[మళ్లీ ఊడిన గోడ]

గోడకు జరిగింది కూడా ఇదే. మట్టి, సున్నం కట్టుబడి గోడ నేలలోంచి తడి పీలుస్తుంది, అది దాని స్వభావం. సున్నం పూత ఆ తడిని ఆవిరిగా బయటికి వదిలేస్తుంది. మేం దాని మీద సిమెంటు కొట్టించాం. తడికి దారి మూసుకుపోయి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. అంతకుముందు రెండడుగుల ఎత్తున ఉన్న నెమ్ము ఇప్పుడు నాలుగడుగులకు వచ్చింది, లోపలి ఉప్పు పూత వెనకాల గట్టిపడి దాన్ని తోసేసింది. “సిమెంటు కొడితే ఇరవై ఏళ్లు చూడక్కర్లేదు” అన్న మాట నమ్మి ఖర్చు పెట్టాం, అది మంచి మనసుతోనే చెప్పిన మాట, కానీ ఈ గోడకు సరిపడని మాట.

నెమ్ము ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా పూత ముట్టుకోవద్దు. రెండడుగుల ప్లాస్టిక్ కవరు గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు వెనక చెమ్మ పడితే తడి గోడలోనిది, ముందు వైపు పడితే గదిలోని ఆవిరి. మా గోడలో కవరు వెనకే పడింది. బయటికి వెళ్లి చూస్తే సంగతి తెలిసింది.

[వీధి వైపు నుంచి ఇల్లు]

సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి పెరిగింది, ఇల్లు అక్కడే ఉంది. ఇప్పుడు వీధి మా గడప కంటే ఎత్తు. దానికి తోడు మనకు బండలు చవకని వాకిలంతా పరిచి గోడకు ఆనించేశాం, నేలలోని తడి పైకి ఆరే చోటు లేక గోడలోకే పోతోంది. నేను చేసింది చిన్న పని. గోడ పొడవునా అరడుగు వెడల్పున బండలు తీసి గులకరాళ్లు పోశాను, ఆ పక్కన నీళ్లు గోడకు దూరంగా పోయేట్టు కాలువ తీశాను. ఒక వానాకాలం గడిచేసరికి నెమ్ము దిగడం మొదలైంది.

ఆ తర్వాతే పూత. నెమ్ము గీతకు ఇంకో అడుగు పైదాకా సిమెంటు చెక్కేయాలి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. కొన్ని వారాలు ఆరనిచ్చి, నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి పలుచగా రెండు పూతలు వేసి, వారం రోజులు నీళ్లు చిలకరించండి. సున్నం గాల్లోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది, తొందరపెడితే పగులుతుంది.

ఇక పగుళ్లు. మాది నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకే ఏప్రిల్‌లో వేలు పట్టేంత పగులు సెప్టెంబరులో మూసుకుంటుంది. వేసవిలో సిమెంటు దట్టించారనుకోండి, వానకు గోడ దగ్గరవడానికి చోటుండదు, పక్కన కొత్త పగులు వస్తుంది. పగులు రెండు చివర్లా పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి, ఒక ఏడాదంతా చూడండి. వానకు మూయకుండా ఏటా పెరుగుతూ పోయినా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పాకినా ఇంజనీరుకు చూపించండి.

కరెంటు విషయం రెండు మాటల్లో చెప్తా. నెమ్మెక్కిన గోడలో పాత వైర్లుంటే మీరు చెయ్యి పెట్టొద్దు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే ఆఫ్ అయ్యే స్విచ్ పెట్టించండి. గోడ చెక్కే రోజు మెయిన్ ఆఫ్ చేయండి.

[పెరట్లో తొట్టి. పైన తడి గోనెపట్టా.]

ఇందులో ఉన్నది నానుతున్న సున్నం. రాతి సున్నానికి నీళ్లు తగిలితే మరిగినట్టు ఉడుకుతుంది, కళ్లద్దాలు, చేతికి తొడుగులు లేకుండా దగ్గరికి పోవద్దు, పిల్లల్ని అసలు రానివ్వొద్దు. నీళ్లలోకి సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు. కనీసం పదిహేను రోజులు నానాలి, మాది ఇవాళ్టికి ఆరో రోజు. జేజి రోజూ వచ్చి గోనెపట్టా తడిపి పోతోంది. పూత మొదలుపెట్టిన రోజు కలపడం దగ్గర నుంచి అన్నీ చూపిస్తా.