గుండ్ల మధ్య సందు: మన రాళ్లను చూసి ఇళ్లు కట్టడం

అందరికీ నమస్కారం. ఈ ట్రాఫిక్‌లో ఇంత దూరం వచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు.

దుకాణాలు, ఆఫీసులు, ఇళ్లు కలిసి ఉండే కట్టడాలను మన హైదరాబాద్ రాతి గుట్టలను చూసి ఎలా డిజైన్ చేయొచ్చన్నది ఈ రోజు అంశం. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. రాయి ఆకారాన్ని కాపీ కొడితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. రాయి ఎక్కడ పగిలింది, నీళ్లు ఏ దారిన పోయాయి, ఏ భాగం ముందు అరిగింది, చివరికి ఏది మిగిలింది అన్న వరస మనకు అర్థం కావాలి. డిజైన్‌కు పనికొచ్చేది అదే.

కాబట్టి కాసేపు రాయి గురించే మాట్లాడుకుందాం. మన గుట్టల్లోవి లావా రాళ్లని చాలామంది అనుకుంటారు. దక్కన్ లావా పొరలు వికారాబాద్ వైపు వెళ్తే కనిపిస్తాయి. వాటి వయసు దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్లు. గోల్కొండ, మౌలాలి, ఖాజాగూడ, గచ్చిబౌలి దగ్గర ఉన్నది గ్రానైట్, దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోతుల్లో నెమ్మదిగా గట్టిపడిన రాయి ఇది. పైనున్న రాయీ మట్టీ కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయి బరువు తగ్గేసరికి ఇది కాస్త వ్యాకోచించి పగిలింది. పైతలానికి సమాంతరంగా పగిలిన చోట ఉల్లిపొరల్లా బండలు లేచాయి. భువనగిరి కోట ఉన్న కొండ అలాంటిదే. నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు కలిసిన చోట రాయి పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోయింది.

ఆ తర్వాత పనంతా నీళ్లదే. వాన నీరు పగుళ్లలోకి దిగుతుంది. గ్రానైట్‌లో నల్లగా మెరిసే అభ్రకం ముందు మెత్తబడి ఉబ్బుతుంది. ఫెల్‌స్పార్ అనే ఖనిజం మెల్లగా బంకమట్టిగా మారిపోతుంది. క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం మాత్రం ఇసుకగా మిగిలిపోతుంది. మనం పునాదులు తీసేటప్పుడు మొరం అంటామే, అది ఇదే. చేతిలోకి తీసుకుని నలిపితే గరుగ్గా తగిలేది ఆ క్వార్ట్జ్ ఇసుక.

ఇప్పుడు ఒక దిమ్మెను ఊహించుకోండి. దాని ముఖం మీద నీరు ఒక పక్క నుంచే పనిచేస్తుంది. అంచు మీద రెండు పక్కల నుంచి, మూల మీద మూడు పక్కల నుంచి పనిచేస్తుంది. అందుకని మూలలు ముందు పోతాయి, తర్వాత అంచులు పోతాయి, చివరికి నలుచదరం దిమ్మె గుండవుతుంది. ఇదంతా ఎక్కువగా భూమి లోపలే జరుగుతుంది. తర్వాత వానలకు మొరం కొట్టుకుపోతే గుండ్లు బయటపడతాయి. ఎవరో తెచ్చి పేర్చినట్టు కనిపిస్తాయి గానీ ఎవరూ పేర్చలేదు. ఉన్నచోటే ఉన్నాయి, చుట్టూ ఉన్నది పోయింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు రాయి చూసినవాళ్లు మళ్లీ ఒకసారి వెళ్లి, ఈ లెక్కతో చూడండి.

అంటే గుట్టలో ముందుగా తయారైంది సందు. గుండు ఆ తర్వాత వచ్చింది. మనం డ్రాయింగ్ బోర్డు దగ్గర దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం. ముందు టవర్ గీస్తాం, మిగిలిన జాగాకు ఓపెన్ స్పేస్ అని పేరు పెడతాం.

రాతిని చూసి కట్టినవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. షికాగోలో ఆర్కిటెక్ట్ జీన్ గ్యాంగ్ డిజైన్ చేసిన ఆక్వా టవర్ 2009లో పూర్తయింది. 82 అంతస్తులు. కింద హోటల్, దాని పైన అద్దె ఫ్లాట్లు, ఇంకా పైన సొంత ఫ్లాట్లు. గ్రేట్ లేక్స్ ప్రాంతంలో పొరలు పొరలుగా కనిపించే సున్నపురాయి అంచులు ఆమెకు ప్రేరణ. ప్రతి అంతస్తు స్లాబూ ఒక్కో వంపుతో బయటికి వస్తుంది, కొన్నిచోట్ల 12 అడుగుల దాకా. ఆ వంపులు గాలిని చెదరగొడతాయి కాబట్టి, ఎత్తైన భవనాల్లో ఊగు తగ్గించడానికి పెట్టే డ్యాంపర్ అక్కడ అవసరం పడలేదు. అలాగని మన ఊళ్లో దాన్ని యథాతథంగా దించేయొద్దు. లోపలి స్లాబే బయటికి సాగితే, అక్కడ చలి లోపలికి వచ్చినట్టే ఇక్కడ ఎండ వేడి లోపలికి వస్తుంది. బయటి భాగాన్ని లోపలి స్లాబుతో నేరుగా కలపకుండా, మధ్యలో వేడిని ఆపే పొర పెట్టాలి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎం.వి.ఆర్.డి.వి. సంస్థ డిజైన్ చేసిన వ్యాలీ 2022లో ప్రారంభమైంది. 67, 81, 100 మీటర్ల ఎత్తున మూడు టవర్లు. ఆఫీసులు, దుకాణాలు, దాదాపు 200 ఫ్లాట్లు. బయటివైపు పక్కనున్న ఆఫీసు భవనాల్లాగే నున్నటి అద్దం. లోపలివైపు మాత్రం అద్దం పగిలి రాయి బయటపడినట్టు మెట్లు మెట్లుగా రాతి గోడలు, బాల్కనీలు, మొక్కలు. ఫ్లాట్లకు వెలుతురూ చూపూ తగ్గకుండా ఆ ఎగుడుదిగుడులను కంప్యూటర్ లెక్కలతో సరిచూసుకున్నారు. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది, రోడ్డు మీద నుంచి ఎవరైనా రాతి మెట్లెక్కి టవర్ల మధ్య ఉన్న ఆ లోయలోకి వెళ్లొచ్చు. అందుకు వాళ్లకు అక్కడ సొంత ఫ్లాటు ఉండాల్సిన పని లేదు. చాలా ఖరీదైన కట్టడం అది. అంత ఖర్చు మనం పెట్టలేం, పెట్టక్కర్లేదు కూడా. ఆ లోయ ఒక్కటి తీసుకుంటే చాలు.

మన దగ్గర పరిస్థితి చూడండి. భవన నిర్మాణ నిబంధనలపై 2012లో వచ్చిన 168వ జీవో ప్రకారం భవనం ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన జాగా పెరుగుతుంది. ఫైరింజన్ తిరగాలి కాబట్టి ఆ జాగా ఉండి తీరాలి, దానిలో రాజీ లేదు. ఇబ్బంది ఎక్కడంటే, మనం డిజైన్ చేసే ఖాళీ అంతా ఆ చుట్టు రోడ్డుతోనే అయిపోతోంది. ప్రతి టవరూ ఎండలో ఒంటరిగా నిలబడుతుంది. దాని నీడ ఎవరూ నడవని చోట పడుతుంది. ఇస్త్రీ బండి గేటు బయట టార్పాలిన్ కింద ఉంటుంది. పాలప్యాకెట్ కావాలన్నా ఫోన్ తీయాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మందుల షాపుకి వెళ్లాలంటే రెండు గేట్లూ ఒక పెద్ద రోడ్డూ దాటాలి.

ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఇంతకంటే బాగా కట్టారు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టి బజారు కట్టింది. గ్రానైట్ కమానులు, కమానుల కింద నడిచే దారి, దాని వెనక దుకాణాలు, పైన గదులు. మండుటెండలో అక్కడ బట్టలు కొనడానికి వెళ్లినవాళ్లకు ఆ కమాను నీడ విలువ తెలుసు.

ఇప్పుడు నగరం పడమటి వైపు, వాలుగా ఉండి, గుండ్లున్న ఐదెకరాల స్థలం మన చేతికి వచ్చిందనుకుందాం. నేనైతే ఇళ్లు గీయడం ఆఖరున పెట్టుకుంటాను. ముందు నేల ఎత్తుపల్లాలు కొలిచే కాంటూర్ సర్వేతో పాటు పగుళ్ల సర్వే చేయిస్తాను. ప్రతి గుండుకూ ఒక నంబరు. ప్రతి పెద్ద పగులూ ఏ దిక్కుగా పోతోంది, ఎంత వెడల్పుంది, అందులో మట్టి ఉందా, చెట్టు ఉందా అన్నీ రాయిస్తాను. మన గుట్టల మీద సీతాఫలం చెట్లు ఎక్కడ మొలుస్తాయో గమనించారా? సందుల్లోనే. మట్టి అక్కడ లోతుగా ఉంటుంది, తడి అక్కడ నిలుస్తుంది. వాన నీరు కూడా ఆ దారినే దిగుతుంది. కాబట్టి నడిచే వీధులు ఆ గీతల మీదే వేస్తాను. నీటి దారికి అడ్డంగా గోడ కట్టి, తర్వాత డ్రైనేజీ పైపు కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

ఆ వీధులు ఇరుకుగానే ఉండాలి. నాలుగు నుంచి ఆరు మీటర్లు చాలు. వాహనాలు బయటి రోడ్డు మీదే ఆగుతాయి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటాక సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. మిగతా వేళల్లో ఇరుకు వీధికి రెండు పక్కలా ఐదారు అంతస్తులుంటే ఏదో ఒక గోడ నీడ ఇస్తూనే ఉంటుంది. ఆ నడినెత్తి ఎండకు మాత్రం పై అంతస్తులు కాస్త ముందుకు రావాలి. గుండు కింద నీడ అలాగే కదా దొరికేది. వీధి నోరు పడమర, నైరుతి వైపు తెరుచుకుంటే వానాకాలం గాలి లోపలికి తిరుగుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎండ తగిలిన రాయి రాత్రంతా వేడి వదులుతుంది. అందుకని గుండ్లను మధ్యలో అలంకారంగా ఎండలో వదిలేయకూడదు, వాటి మీదా నీడ పడాలి, పక్కన చెట్టు ఉండాలి.

ఇక మూలలు. రాతి మూల మీద మూడు పక్కల నుంచి దాడి జరుగుతుందని చెప్పాను. భవనం మూల మీద కూడా గాలి వేగం పెరుగుతుంది. తైవాన్‌లోని తైపే 101 అనే ఎత్తైన భవనం మూలలను మెట్లుగా లోపలికి కోసినందువల్ల గాలి ఒత్తిడి దాదాపు 25 శాతం తగ్గింది. మన ఐదారంతస్తులకు అంత గాలి లెక్క అక్కర్లేదు. కానీ రెండు వీధులు కలిసే మూలకు మనుషులు కూడా అన్ని పక్కల నుంచీ వస్తారు. కింది రెండంతస్తుల మూల కోసేస్తే అక్కడ పది మంది నిలబడే నీడ చోటు వస్తుంది. టిఫిన్ సెంటర్, మందుల షాపు, ఇస్త్రీ బండి, టైలర్ అక్కడుండాలి. ఇస్త్రీ చేసేవాళ్లకు బొగ్గుల పెట్టె కాకుండా కరెంటు పెట్టె వాడుకునేలా ఒక ప్లగ్ పాయింటు, ఒక నీళ్ల పంపు, బట్టల మూటలకు ఒక అర. ప్లానులో అది గీయడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? ఇంతవరకు నాకు ఒక్క ప్లానులోనూ కనిపించలేదు.

రెండు, మూడు అంతస్తుల్లో క్లినిక్, క్రెష్, చిన్న ఆఫీసులు, ట్యూషన్లు. ఆ పైన ఇళ్లు, పైకి పోయేకొద్దీ వెనక్కి జరుగుతూ. దుకాణాలుంటే శబ్దం, పొగ, పొద్దున్నే సరుకు ఆటోలు అని ఫ్లాటు కొనేవాళ్లకు టెన్షన్ ఉంటుంది. ఆ భయం నిజమే. వంట పొగ గొట్టం మొదటి రోజు నుంచే టెర్రస్ దాకా గీయాలి, తర్వాత అతికించకూడదు. సరుకు దించే చోటు పడకగదుల వైపు ఉండకూడదు. ఇరుకు వీధికి ఎదురెదురుగా కిటికీలు పెట్టకుండా, ఒకవైపు కిటికీ ఉన్నచోట రెండోవైపు మెట్లో వరండానో రావాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు సెల్లార్. గుట్టలను మనం ఇళ్ల కోసం పేలుస్తున్నామనుకుంటాం. చాలావరకు పేలుస్తున్నది కార్ల కోసం. రెండు మూడు సెల్లార్లు దించాలంటే మొరం పొరను దాటి రాయిలోకి పోవాలి. మన ప్రాంతంలో భూగర్భ జలం ఉండేది ఆ మొరంలో, దాని కింద పగుళ్లున్న రాతిలో. దాన్ని కోసేస్తే నీళ్లు సెల్లార్‌లోకి ఊరతాయి, మోటారు పెట్టి రోడ్డు మీదికి తోడతాం, ఎండాకాలం అదే అపార్ట్‌మెంటుకు ట్యాంకర్ తెప్పిస్తాం. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడే ఊరు ఇది. ఆ మొరం మనకు సొంత ట్యాంకు. దాన్ని పగలగొట్టుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. కొన్నిచోట్ల ఇంకా బాధ కలిగించేది చూస్తున్నాం: అసలు గుండ్లు కంకరగా పోతాయి, తర్వాత గేటు పక్కన సిమెంటుతో చేసిన రాళ్లు పెడతారు.

వాలు ఉన్న స్థలంలో పార్కింగ్‌ను కిందివైపు, వాలు మీద ఆనించి, నేల పైనే అంతస్తులుగా కట్టొచ్చు. దాని ముందు దుకాణాలు వస్తే రోడ్డు మీద నుంచి కార్లు కనిపించవు, పైకప్పు పిల్లలు ఆడుకునే ముంగిలి అవుతుంది. అమ్ముకునే విస్తీర్ణం కొంత తగ్గుతుంది, అది బిల్డరుకు దాచకుండా చెప్పాలి. రాయి కొట్టే ఖర్చు, దానికి పట్టే నెలలు, పక్కింటి గోడల పగుళ్ల గొడవలు, తర్వాత ఏళ్ల తరబడి నీళ్లు తోడే కరెంటు బిల్లు, ఇవన్నీ కూడా ఆ లెక్కలోనే వేసి చూపించాలి.

స్ట్రక్చరల్ ఇంజినీర్లకు ఒక మాట. ఇలాంటి స్థలంలో నేల పరీక్షకు బోరు వేసినప్పుడు రాయి తగలగానే అడుగు వచ్చేసిందనుకోవద్దు. అది మొరంలో కూరుకున్న గుండు కావొచ్చు, దాని కింద మళ్లీ మొరం ఉండొచ్చు. తగిలాక ఇంకొన్ని మీటర్లు రాతిలోకి పోయి చూడాలి. ఏది నేలలో భాగమైన బండ, ఏది విడిగా కూర్చున్న గుండు అన్నది తేలాకే ఏ గుండు ఉంచాలి, దేని పక్కన నుంచి దారి వేయకూడదు అని నిర్ణయించగలం. కదిలే ప్రమాదమున్న గుండు కింద పిల్లల పార్కు పెట్టమని నేను చెప్పను.

1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఈ నగరంలో గుట్టల కోసం మాట్లాడుతున్నారు. కొన్ని రాతి గుట్టలు వారసత్వ జాబితాలోకి వచ్చాయంటే వాళ్ల పట్టుదల అందులో ఉంది. అయితే జాబితాలో లేని గుండ్లే ఎక్కువ. అవి ప్రైవేటు ప్లాట్లలో ఉన్నాయి, వాటి భవిష్యత్తు మన డ్రాయింగుల మీద ఆధారపడి ఉంది. సైట్ ప్లాన్‌లో బావి గీస్తాం, కరెంటు స్తంభం గీస్తాం, చెట్టు కూడా గీస్తాం. గుండు మాత్రం గీయం. గీయని దానికి లెక్క ఉండదు, లెక్క లేనిది డ్రిల్లింగ్ మిషన్ వచ్చిన మొదటి వారంలోనే పోతుంది.

ఇక్కడున్న ఆర్కిటెక్చర్ విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. ఈ వానాకాలం మీకు దగ్గర్లో ఉన్న ఒక గుట్టను ఎంచుకోండి. గట్టి వాన వెలిసిన వెంటనే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, జారుడుగా ఉంటుంది కాబట్టి ఒంటరిగా వద్దు. నీళ్లు ఏ సందులోంచి దిగుతున్నాయి, ఏ దొనలో నిలుస్తున్నాయి, ఎక్కడ ఇంకిపోతున్నాయి అన్నది 1:200 స్కేలులో గీయండి. మే నెలలో అదే చోటికి మళ్లీ వెళ్లి, మధ్యాహ్నం మూడింటికి ఏ సందులో నిలబడగలుగుతున్నారో అదే కాగితం మీద గుర్తు పెట్టండి. ఆ రెండు గీతలూ చేతిలో ఉన్నాక మీ హౌసింగ్ ప్రాజెక్టు మొదలుపెట్టండి. మీ గైడు ఒప్పుకోకపోతే నన్ను పిలవండి, వచ్చి మాట్లాడతాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పార్కింగ్ ఖర్చుతోనే మొదలుపెడదాం.