గొడ్డలి విర్రవీగితే: సన్హెరీబు మీద వచ్చిన తీర్పు ఎవరికి హెచ్చరిక?

సమన్వయకర్త: అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ వారం మన చర్చకు ఆధారం రాజుల రెండవ గ్రంథం 18, 19 అధ్యాయాలు, దాంతోపాటు యెషయా 10. క్రీస్తుపూర్వం 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి దండెత్తి వచ్చాడు. ఊళ్లకు ఊళ్లు పట్టుకున్నాడు, యెరూషలేము దగ్గర ఆగిపోయాడు. పాస్టర్ గారు, బైబిలు కళాశాలలో పాత నిబంధన బోధించే మేడమ్ గారు, సండేస్కూల్ టీచర్ సిస్టర్ గారు మనతో ఉన్నారు. పాస్టర్ గారూ, అతని గర్వం మీకు ఎక్కడ బాగా కనబడుతుంది?

పాస్టర్: సన్హెరీబు పంపిన అధికారి రబ్షాకే మాటల్లోనండి. చాకిరేవు దారిలో, మెరక కొలను కాలువ దగ్గర నిలబడి మాట్లాడాడు. యూదా రాజు హిజ్కియా మనుషులు, "అయ్యా, సిరియా భాషలో మాట్లాడు, గోడ మీద జనం వింటున్నారు" అని బతిమాలారు. అతను వినలేదు. జనం గుండె జారాలనే యూదుల భాషలో గొంతెత్తి అరిచాడు. "రెండు వేల గుర్రాలు ఇస్తాను, ఎక్కడానికి మీ దగ్గర మనుషులున్నారా?" అని ఎగతాళి చేశాడు. అంతటితో ఆగినా యుద్ధంలో మామూలే అనుకోవచ్చు. అష్షూరు ఓడించిన పట్టణాల పేర్లెత్తి, "హమాతు దేవుళ్లేరి? అర్పాదు దేవుళ్లేరి? యెహోవా మాత్రం మిమ్మల్ని నా చేతిలోనుంచి విడిపిస్తాడా?" అన్నాడు చూడండి, అక్కడ గీత దాటాడు.

అధ్యాపకురాలు: దాన్ని యెషయా 10తో కలిపి చదవాలి అయ్యగారూ. అక్కడ దేవుడు అష్షూరును తన కోపదండం అంటున్నాడు. పంపింది తానే. ఆ రాజు మాత్రం అలా అనుకోలేదు. "నా బాహుబలంతో చేశాను, నా తెలివితో చేశాను, గూట్లో గుడ్లు ఏరుకున్నట్టు లోకాన్నంతా ఏరుకున్నాను, ఒక్క రెక్క కూడా ఆడలేదు" అంటాడు. అప్పుడు ప్రవక్త అడుగుతాడు, నరికేవాడి మీద గొడ్డలి అతిశయపడుతుందా అని.

సండేస్కూల్ టీచర్: మా పిల్లలు సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు మేడమ్. దేవుడే పంపినప్పుడు మళ్లీ దేవుడే శిక్షించడమేంటి టీచర్ అంటారు.

అధ్యాపకురాలు: మంచి ప్రశ్నే. జవాబు ఏడో వచనంలో ఉంది. దేవుడు దిద్దమని పంపాడు. ఇతని మనసులో ఉన్నది జనాలను తుడిచిపెట్టడం. చేసిన క్రూరత్వం అతనిది, దానికి లెక్క అతనే చెప్పాలి. పైగా ఆ లెక్క తన చేతులతోనే రాయించుకున్నాడు. అతని శాసనపు మట్టి స్తంభాలు దొరికాయి. ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నానని, 2,00,150 మందిని బయటికి తోలానని, హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానని ఉంది. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం లేదు.

పాస్టర్: ఎలా ఉంటుంది! ఆ రాత్రి యెహోవా దూత బయలుదేరాడు. అష్షూరు పాళెంలో 1,85,000 మంది చనిపోయారు. రాజు తన రాజధాని నీనెవెకు తిరిగిపోయి, తన దేవుడు నిస్రోకు గుడిలో మొక్కుతుండగా కొడుకులే కత్తితో చంపారు. "మీ దేవుడు మిమ్మల్ని విడిపిస్తాడా" అన్నవాణ్ని అతని దేవుడు సొంత గుళ్లో కాపాడలేకపోయాడు.

అధ్యాపకురాలు: కాకపోతే మనం ప్రసంగంలో ఆ రెండు సంగతులూ ఒకే ఊపులో చెప్పేస్తాం. రాజు చనిపోయింది 681లో. మధ్యలో ఇరవై ఏళ్లు. ఆ కాలంలో అతను నీనెవెలో పెద్ద కోట కట్టుకుని, యూదా పట్టణం లాకీషు మీద గెలిచిన విజయాన్ని గోడల మీద రాతి పలకల్లో చెక్కించుకున్నాడు. ఇప్పుడవి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకవైపు కొరతవేసిన మనుషులు. ఇంకోవైపు ఎడ్లబండ్ల మీద మూటాముల్లెతో ఆడవాళ్లు, పిల్లలు ఊరు విడిచి వెళ్తున్నారు. సింహాసనం మీద కూర్చుని రాజు చూస్తున్నాడు. ఆ బొమ్మలో రాజు ముఖం ఉండదు, ఎవరో కావాలని చెక్కేశారు. 612లో బబులోనువాళ్లు, మాదీయులు నీనెవెను కూల్చినప్పుడే అది జరిగి ఉంటుందని పండితుల అంచనా.

సండేస్కూల్ టీచర్: ఆ బండ్ల మీద పిల్లల సంగతి ఏంటండీ? యెరూషలేము తప్పించుకుంది సరే, లాకీషు తప్పించుకోలేదుగా. అక్కడివాళ్లు ప్రార్థన చేసుకోలేదా? మన ఇళ్లలో హాల్ టికెట్లు, వీసా కాగితాలు సన్హెరీబు బెదిరింపు ఉత్తరాన్ని హిజ్కియా మందిరంలో పరిచినట్టు దేవుని ముందు పెడతాం. కొందరికి జవాబు వస్తుంది, కొందరికి రాదు.

పాస్టర్: అమ్మా, అందుకే మీకాను కూడా చదవాలి. అతని సొంత ఊరు మోరెషెతు లాకీషుకు దగ్గరే. తన ప్రాంతం తగలబడుతుంటే ఆ ప్రవక్త చెప్పుల్లేకుండా, బట్టల్లేకుండా తిరుగుతూ నక్కల్లా అరిచి ఏడుస్తానన్నాడు. తీర్పు ప్రకటించినవాడే ఏడ్చాడు. లాకీషు తల్లులకు ఇంతకంటే సులువైన జవాబు నేను చెప్పను, చెప్పకూడదు కూడా.

సమన్వయకర్త: ఇక్కడ ప్రేక్షకులు తరచుగా అడిగే ప్రశ్న. ఫలానా దేశంలో వరద వచ్చింది, ఫలానా నాయకుడు పడిపోయాడు. ఇది దేవుని తీర్పేనా అని.

పాస్టర్: గర్వించిన వాళ్లను దేవుడు అణుస్తాడని పుల్పిట్ మీద గట్టిగానే చెప్పాలండి. ఆ మాట దాచిపెడితే మనం కాపరులం కాదు.

అధ్యాపకురాలు: ఆ మాట చెప్పండి. పేరు పెట్టి వేలు చూపించడమే వద్దంటున్నాను. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు అందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు అన్నాడు యేసు. వార్త తెచ్చినవాళ్ల వైపే తిప్పాడు. యెషయా కూడా అంతే, అష్షూరుతో ఆగలేదు. బబులోను రాయబారులు వచ్చినప్పుడు హిజ్కియా వెండి, బంగారం, ఆయుధశాల, ఖజానా అంతా తెరిచి చూపించాడు. ఇవన్నీ బబులోనుకు పోతాయని అదే ప్రవక్త అతని ముఖం మీదే చెప్పాడు. దినవృత్తాంతముల గ్రంథం ఇంకా సూటిగా రాసింది. హిజ్కియా మనసు గర్వించింది, కోపం అతని మీదికీ యూదా మీదికీ యెరూషలేము మీదికీ వచ్చింది అని. సన్హెరీబు నుంచి విడుదల పొందిన రాజే ఇతను.

పాస్టర్: అతను తగ్గించుకున్నాడని కూడా ఉందమ్మా. రాజు, యెరూషలేము జనం కలిసి తగ్గించుకున్నారు. అతని దినాల్లో ఆ కోపం రాలేదు.

అధ్యాపకురాలు: అవును, సన్హెరీబుకూ అతనికీ తేడా అక్కడే ఉంది. ఇద్దరిలోనూ గర్వం ఉంది. మాట విన్నాక ఒకడు వంగాడు.

సమన్వయకర్త: నీనెవె సంగతికి వద్దాం. నహూములో ఆ పట్టణం కూలితే విన్నవాళ్లంతా చప్పట్లు కొడతారు. యోనా గ్రంథంలో అదే పట్టణం కోసం దేవుడు వాదిస్తాడు. సిస్టర్, పిల్లలకు మీరు ఈ రెండింటినీ ఎలా కలుపుతారు?

సండేస్కూల్ టీచర్: మా క్లాసులో 1,85,000 అనగానే పిల్లలు చప్పట్లు కొడతారండి. నేను ఆపను, యెరూషలేము ఆ పొద్దున బతికి లేచింది కదా. కానీ వెంటనే యోనా చివరి వచనం తీయిస్తాను. కుడి ఎడమలు తెలియని 1,20,000 కంటే ఎక్కువమంది, ఇంకా చాలా పశువులు. వాళ్ల మీద నేను జాలిపడకూడదా అని దేవుడే అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు యోనా ఏమన్నాడో గ్రంథంలో లేదు, పిల్లల్నే చెప్పమంటాను.

అధ్యాపకురాలు: యెషయా 19 చివర కూడా చూపించండి సిస్టర్. ఐగుప్తును "నా జనం" అంటాడు, అష్షూరును "నా చేతుల పని" అంటాడు. లాకీషును కాల్చిన దేశం గురించే ఆ మాట.

పాస్టర్: వచ్చే ఆదివారం నేను యెషయా 37వ అధ్యాయం చెబుదామనుకున్నాను. ఇప్పుడు 39తో కలిపి చెబుతాను. సన్హెరీబు గురించి వినడం మా సంఘానికి ఇష్టం, ఖజానా గదులు తెరిచి చూపించుకున్న రాజు గురించి వినడం నాకూ వాళ్లకూ అవసరం.

సమన్వయకర్త: లాకీషు గురించి సిస్టర్ అడిగిన ప్రశ్న మీదే ఇద్దరు ప్రేక్షకులు లైన్లో ఉన్నారు. విరామం తర్వాత వాళ్లతో మాట్లాడదాం.