విలన్లకు మనం ఎందుకు జాలిపడ్డాం? 'ద డెవిల్స్ రిజెక్ట్స్' కథ

[తెర మీద: "పెద్దవాళ్లకు మాత్రమే. క్లైమాక్స్‌తో సహా కథంతా చెప్పేస్తున్నాం."]

లెక్కలేనంతమందిని హింసించి చంపిన ముగ్గురు చివర్లో పోలీసు తుపాకులకు ఎదురెళ్తుంటే, చూసేవాళ్ల నోట "అయ్యో" అనిపించడం సాధ్యమేనా? 2005లో దర్శకుడు రాబ్ జాంబీ అనిపించాడు. ఎలా అనిపించాడన్నదే ఈ వీడియో.

కథ 1978లో, అమెరికాలోని టెక్సాస్‌లో జరుగుతుంది. ఇది 2003 నాటి 'హౌస్ ఆఫ్ 1000 కార్ప్సెస్'కి కొనసాగింపే అయినా, అది చూడకపోయినా ఇబ్బంది లేదు. ఫైర్‌ఫ్లై కుటుంబం ఇంటిని పోలీసులు చుట్టుముడతారు. తల్లి దొరికిపోతుంది. ఓటిస్, కూతురు బేబీ తప్పించుకుంటారు, బేబీ తండ్రి కెప్టెన్ స్పాల్డింగ్ దారిలో వాళ్లతో కలుస్తాడు. వెంటపడేది షెరీఫ్ వైడెల్. మొదటి సినిమాలో ఈ కుటుంబం చంపిన పోలీసు అతని తోడబుట్టినవాడు.

[తెర మీద: ఎండలో ఒంటరిగా ఉన్న మోటెల్, ఖాళీ రోడ్డు]

సినిమాకి గుండెకాయ ఈ మోటెల్ సీన్లు. ఊరూరా తిరిగి పాడే చిన్న బృందాన్ని ఓటిస్, బేబీ గదిలో బంధిస్తారు. చంపడం కంటే ముందు అవమానిస్తారు, బెదిరిస్తారు, ఆశ పెట్టి లాగేసుకుంటారు. ఇది త్వరగా అయిపోదు. బందీల భయాన్ని జాంబీ దగ్గర నుంచి, తీరిగ్గా చూపిస్తాడు. 16 ఎంఎం ఫిల్మ్ మీద, కెమెరాను చాలాచోట్ల చేత్తోనే పట్టుకుని తీయడంతో, ఆ గదిలో మనమూ ఇరుక్కుపోయిన టెన్షన్ పుడుతుంది. ఈ సీన్లు అనవసరం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇవి తీసేస్తే ఈ ముగ్గురూ స్టైల్‌గా తిరిగే దొంగల్లా మిగిలిపోతారు. వాళ్లేంటో మనకు పూర్తిగా తెలియాలి. తెలిసిన తర్వాతే అసలు పరీక్ష.

ఆ పరీక్ష వ్యాన్‌లో మొదలవుతుంది. అంత ఘోరం చేసి వచ్చినవాళ్లు ఐస్‌క్రీమ్ కోసం పోట్లాడుకుంటారు. బేబీ, స్పాల్డింగ్ కావాలంటారు, ఓటిస్ విసుక్కుంటాడు. ఏ ఇంట్లోనైనా జరిగే గొడవే. మనకు నవ్వొస్తుంది, వెంటనే మోటెల్ గది గుర్తొచ్చి ఆ నవ్వు ఇబ్బంది పెడుతుంది.

అటు షెరీఫ్ మెల్లగా మారిపోతుంటాడు. దీనికి ముందే ఒక చిన్న గుర్తు ఉంది. ఈ కుటుంబం వాడే మారుపేర్లు హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ వేసిన పాత్రలవి. అది వివరించడానికి వచ్చిన సినీ విమర్శకుడు ఒకడు, గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని కాస్త తక్కువ చేసి మాట్లాడతాడు. అంతే, షెరీఫ్ ఒంటికాలి మీద లేస్తాడు. ఇంత కోపం ఉన్నవాడి చేతికి పగ దొరికితే? జైల్లో ఉన్న తల్లిని కత్తితో పొడుస్తాడు. డబ్బుకి మనుషుల్ని పట్టుకొచ్చే ఇద్దరితో ఆ ముగ్గుర్నీ పట్టిస్తాడు. పాత ఇంట్లోనే కుర్చీలకు కట్టి, వాళ్లు చంపినవాళ్ల ఫొటోలను వాళ్ల ఒంటికే గుచ్చుతాడు. ఓటిస్ చేతుల్లో మేకులు దిగుతాయి.

మన జాలి దారి మళ్లేది ఇక్కడే. ఓటిస్, బేబీ, స్పాల్డింగ్ ఏమాత్రం మంచివాళ్లు కాలేదు, ఎక్కడా పశ్చాత్తాపపడలేదు. కట్టేసి ఉన్న మనిషి వైపు మొగ్గడం మన అలవాటు. మోటెల్‌లో బందీల కోసం కొట్టుకున్న గుండే ఇప్పుడు హంతకుల కోసం కొట్టుకుంటుంది. షెరీఫ్‌గా విలియం ఫోర్సైత్ నటన ఇందుకు పెద్ద అండ. తను దేవుడి పని చేస్తున్నానని అతను మనసారా నమ్ముతాడు, అందుకే మరింత భయపెడతాడు.

[తెర మీద: ఎడారి రోడ్డు, దూరంగా పోలీసు కార్లు]

క్లైమాక్స్‌లో మాటల్లేవు. షెరీఫ్ బారి నుంచి బయటపడి, గాయాలతో ముగ్గురూ కారులో వస్తుంటారు, ముందు పోలీసులు దారి కాస్తుంటారు. రాక్ బృందం లినర్డ్ స్కినర్డ్ పాట 'ఫ్రీ బర్డ్' మొదలవుతుంది. మధ్యమధ్యలో వాళ్లు నవ్వుకుంటున్న పాత దృశ్యాలు. తుపాకులు తీస్తారు, కారు ముందుకే దూకుతుంది. పాటే మన కళ్లు చెమర్చేలా చేస్తుంది. వీళ్ల మీద ఈ పాట వాడటం చాలా తెగింపు. పనిచేసిందని నా నమ్మకం. రోజర్ ఈబర్ట్ లాంటి పెద్ద విమర్శకుడు కూడా దీనికి నాలుగింటికి 3 స్టార్లు ఇచ్చాడు.

2019లో వచ్చిన తర్వాతి భాగం '3 ఫ్రమ్ హెల్'లో వీళ్లు బతికే ఉన్నారని చూపించారు. అది చేయకుండా ఉండాల్సింది. ఆ తూటాల ముగింపు బరువంతా తగ్గిపోయింది. స్పాల్డింగ్ పాత్ర వేసిన సిడ్ హేగ్ అప్పటికే అనారోగ్యంతో ఉండటంతో అందులో కాసేపే కనిపిస్తాడు. సినిమా విడుదలైన నెలలోనే కన్నుమూశాడు. నవ్విస్తూనే వణికించే ఆ నటుణ్ని నిండుగా చూడాలనుకుంటే 2005 సినిమాకే వెళ్లండి.