ఎండిపోలేదు, ఆకు రాల్చింది

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు కానీ, నాకిచ్చిందే పది నిమిషాలు, అవతల పులిహోర వాసన వస్తోంది. ఏమీ అనుకోకండి.

"అమెరికాలో మన పండుగలు" మీద మాట్లాడమన్నారు. పండుగతోనే మొదలుపెడతాను. పచ్చడిలోకి వేపపువ్వు ఇక్కడ అల్బకర్కీలో ఏ చెట్టుకీ దొరకదు. ఊళ్లో ఎండబెట్టినది పొట్లం కట్టి తెచ్చుకుంటాం. కానీ దాదాపు ఈ రోజుల్లోనే ఇక్కడ ఒక పొద పూస్తుంది. ఆకు రాకముందే, ఒట్టి కొమ్మల మీద, రేకులు లేని సన్నటి పసుపు పూలు. దాన్ని న్యూమెక్సికో ఆలివ్ అంటారు. టెక్సాస్‌లో ఎల్బో బుష్. రెమ్మలు మోచెయ్యి మడిచినట్టు తిరుగుతాయి మరి.

ఆలివ్ కుటుంబం అంటే ఎవరనుకున్నారు? మన మల్లె, జాజి, పారిజాతం అందరూ అక్కడివాళ్లే. అమ్మా, మీరు చలికాలమంతా హీటర్ పక్కన కుండీలో పెట్టి కాపాడే మల్లెకు ఈ ఎడారి పొద దూరపు చుట్టం! రియో గ్రాండే నది ఒడ్డున కనిపించే రష్యన్ ఆలివ్ వేరు. దానికి పేరే ఆలివ్, కుటుంబం కాదు.

నేను అనంతపురం వాణ్ణి. ఏడాదికి 55 సెంటీమీటర్ల వాన పడితే మాది కరువు జిల్లా అంటారు. ఇక్కడ పడేది 23. ఆ వానకే ఇది పది, పన్నెండు అడుగులు పెరుగుతుంది. హోపీలనే అమెరికా ఆదివాసులు నేల తవ్వే కర్రలు దీంతోనే చేసుకునేవారు.

సరే, అసలు సంగతి. మా కాలనీ పార్కు మూల ఇలాంటి పొద ఒకటుండేది. మూడేళ్ల కిందట జనవరిలో కమిటీ నుంచి ఉత్తరం. ఎండిపోయిన చెట్లు తీసేస్తున్నారట. ఎండిపోలేదయ్యా, ఆకు రాల్చింది! ఫోన్ చేశాను. గోరుతో బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటుంది అన్నాను. రెండో రోజుకల్లా వేళ్లతో సహా పెకలించి, గులకరాళ్లు పరిచారు. "పొద కోసం బీపీ తెచ్చుకుంటారా" అంది మా ఆవిడ.

ఎందుకు తెచ్చుకోనండీ? వీటిలో సాధారణంగా మగ పొద వేరు, ఆడ పొద వేరు. మా పెరట్లోది ఆడది, పార్కులోది మగది. అది ఉన్నన్నాళ్లూ మా పొద నల్లటి నీలం కాయలతో నిండిపోయేది. పిట్టల గోలకి నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు హాయిగా నిద్రపడుతోంది. మూడేళ్లుగా ఒక్క కాయ లేదు.

సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క నిమిషం, బాబూ. మీలో ఎవరి పెరట్లోనైనా ఈ పొద ఉంటే ఈ వారమే పూలు చూడండి. పసుపు కేసరాలు కుచ్చులా బయటికొస్తే అది మగది. నాకు ఒక్క పిలక ఇవ్వండి, చాలు. గుంత తవ్వే ఉంచాను. భోజనాల దగ్గర నీలం చొక్కాలో ఉంటాను.